ఆపరేషన్ ఒక రాష్ట్రంలో, కాపురం మరో రాష్ట్రంలో: గుండె రోగికి నర్సింగ్ ఎవరు చేయాలి?

సంపాదకులు గారికి,

నమస్కారం. ఏటా సెప్టెంబరు 29న ప్రపంచ హృదయ దినోత్సవం పేరిట మన తెలుగు పత్రికలు ప్రత్యేక వ్యాసాలు వేస్తుంటాయి. స్టెంట్ ఎలా వేస్తారో, బైపాస్ ఎప్పుడు అవసరమో, రక్తంలో కొవ్వు ఎంత ఉండాలో పేరున్న హృద్రోగ నిపుణులు వాటిలో వివరంగా రాస్తారు. అవి శ్రద్ధగా చదివేవాళ్లలో నేనూ ఒకదాన్ని కనుక వాటిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే స్టెంట్ వేయించుకున్న మనిషి ఆసుపత్రి మెట్లు దిగి, బస్సో రైలో ఎక్కి ఇల్లు చేరిన తరువాత ఏమవుతాడన్న సంగతి వాటిలో దాదాపుగా కనిపించదు. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నర్సుగా పనిచేసి, పదవీ విరమణ తరువాత పర్లాకిమిడిలోనే స్థిరపడిన నేను, రాయకుండా మిగిలిపోతున్న ఆ సగం గురించి, అందులోనూ మా సరిహద్దు జిల్లాల పరిస్థితి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు, పక్కనే ఉన్న పాతపట్నం అటు అయ్యాయి గాని, మా పెళ్లిళ్లు, సంతలు, వైద్యం ఆనాటి నుంచీ ఆ హద్దును పట్టించుకున్నది లేదు. గజపతి జిల్లాలోని పర్లాకిమిడి, కాశీనగరం, రాయగడ జిల్లాలోని గుణుపురం ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాల్లో ఎవరికైనా గుండె జబ్బు వస్తే, కొందరు బరంపురంలో 1962లో మొదలైన ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికి వెళతారు, కొందరు శ్రీకాకుళం వెళతారు, చాలామంది విశాఖపట్నం దారి పడతారు. గుణుపురం నుంచి విశాఖ పోయే ప్యాసింజరు బండిలో ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాళ్లు మాకు కొత్త కాదు. వైద్యం జరిగే చోటు ఒక రాష్ట్రంలో ఉంటుంది. రోగి ఇల్లు, రేషన్ కార్డు, ఆ వీధికి వచ్చే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం మరో రాష్ట్రంలో ఉంటారు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోని నర్సు బాధ్యత గేటు దగ్గర ముగుస్తుంది. ఊళ్లోని నర్సుకేమో ఫలానా ఇంటికి గుండె ఆపరేషన్ అయిన మనిషి తిరిగి వచ్చాడన్న సమాచారమే ఉండదు. ఈ రెండింటి నడుమ మిగిలిపోయిన నర్సింగ్ ఎవరిదీ కాకుండా పోతున్నదన్నదే నా ఫిర్యాదు. ఏ ఒక్క ఆసుపత్రినీ, ఏ ఒక్క అధికారినీ వేలెత్తి చూపడానికి ఇది రాయడం లేదు.

తిరిగి వచ్చిన రోగి చేతిలో ఒక ఫైలు ఉంటుంది. అందులో ఇంగ్లీషులో టైపు చేసిన డిశ్చార్జి కాగితం, యాంజియోగ్రామ్ సీడీ, బిల్లులు, ఈసీజీ కాగితాలు ఉంటాయి. సీడీ పెట్టి చూసే యంత్రం మా ప్రాంతంలో ఎవరి ఇంట్లోనూ లేకపోయినా ఆ సీడీని మాత్రం బీరువాలో నగల పక్కన భద్రం చేస్తారు. నిజంగా భద్రం చేయవలసింది ఈసీజీ కాగితం. అది వేడికి అచ్చుపడే కాగితం కనుక ప్లాస్టిక్ కవర్లో పెట్టి రేకుల ఇంట్లో ఉంచితే కొంత కాలానికి గీతలు వెలిసిపోతాయి. రేపు మళ్లీ ఛాతీలో నొప్పి వచ్చి ఏ అర్ధరాత్రో ఆసుపత్రికి వస్తే, పాత ఈసీజీతో పోల్చి చూసుకోవడానికి డాక్టరుకు తెల్ల కాగితమే మిగులుతుంది. ఇంటికి చేరిన వారంలోగా దానిని జిరాక్సు తీయించి ఉంచమని చెప్పడం అర నిమిషం పని, కానీ చెప్పేవారు ఉండాలి కదా.

మందుల దగ్గర జరిగే పొరపాట్లు ఇంతకన్నా ప్రమాదకరమైనవి. రోగి విశాఖలో కొన్న మందులు అయిపోయాక మా ప్రభుత్వ ఆసుపత్రికి వస్తే, 2015లో ఒడిశా ప్రభుత్వం మొదలుపెట్టిన నిరామయ పథకం కింద మందులు ఉచితంగా ఇస్తారు. ఇది మంచి పథకం, దీని వల్ల ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. అయితే విశాఖ చీటీలో కంపెనీ పెట్టిన పేరు ఉంటుంది, ఇక్కడ ఇచ్చే మాత్ర పొట్లం మీద మందు అసలు పేరు ఉంటుంది. రెండూ ఒకటేనని తెలియక పాతది మిగిలినంత వరకూ రెండింటినీ కలిపి మింగేవాళ్లను నేను చాలామందిని చూశాను. మెటోప్రొలాల్ వంటి మందు అలా రెట్టింపు అయితే నాడి నెమ్మదించి, కళ్లు తిరిగి, రోగి పొలం గట్టు మీదే కూలబడే ప్రమాదం ఉంది. దీనికి భిన్నంగా, ఒళ్లు బాగుందనిపించగానే మాత్రలన్నీ ఒక్కసారిగా మానేసేవాళ్లూ ఉన్నారు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేయించుకున్న వారికి సాధారణంగా ఏడాది పాటు ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ వంటి రెండో మందు కూడా రాస్తారు. డాక్టరును అడగకుండా దానిని మధ్యలో ఆపితే స్టెంట్ లోపల రక్తం గడ్డకట్టి, మొదటిసారి కన్నా పెద్ద గుండెపోటు రావచ్చు. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, అక్కడెవరో చెప్పారని ఆ మాత్ర మానేయడం మా వైపు తరచూ జరిగేదే.

నర్సింగ్ బోధనలో మాకు నేర్పిన ఒక పద్ధతి ఉంది. రోగికి అంతా చెప్పేసి "అర్థమైందా?" అని అడిగితే ఎవరైనా తల ఊపుతారు. అలా కాకుండా "పెద్దాయనా, ఇంటికెళ్లాక మీ కోడలు ఏ మాత్ర ఎప్పుడని అడిగితే ఏం చెబుతారో నాకు ఒకసారి చెప్పండి" అనాలి. అతను చెప్పిన దానిలో ఎక్కడ తడబడ్డాడో అక్కడ మళ్లీ మొదలుపెట్టాలి. ఇందుకు పావుగంట పడుతుంది, రోగి భాషలో మాట్లాడగలిగిన నర్సు కావాలి, పక్కన ఇంట్లో మందులిచ్చే మనిషి ఉండాలి. బిల్లు కట్టి బండి పిలిచి అందరూ గాభరాగా ఉన్న వేళ చేసే పని కాదిది. చేర్చుకున్న మర్నాటి నుంచే రోజుకు ఒక విషయం చొప్పున చెబుతూ వస్తే ఆఖరి రోజున మిగిలేది అడిగి చూసుకోవడమే.

గుండె బలహీనపడి నీరు పట్టే జబ్బు, అంటే హార్ట్ ఫెయిల్యూర్, నర్సింగ్ విలువను అన్నిటికన్నా బాగా చూపిస్తుంది. ఈ రోగులు పదేపదే ఆసుపత్రిలో చేరుతుంటారు. చేరిన ప్రతిసారీ కథ ఒక్కటే: ఒంట్లో నీటిని మూత్రంగా పోగొట్టే నీటి మాత్ర మానేయడమో, ఉప్పు పెరగడమో, వాపు మొదలైనా వారం పాటు ఓర్చుకుని కూర్చోవడమో. ఆయాసం బయటపడక ముందే ఒంట్లో నీరు చేరుతుంది, ఆ చేరిక బరువులో తెలుస్తుంది. అందుకని రోగి రోజూ ఉదయం లేచి, మూత్రానికి వెళ్లి వచ్చి, ఏమీ తినక ముందు, ఒకే రకం బట్టలతో, ఒకే కాటా మీద బరువు చూసుకుని రాసుకోవాలి. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగితే అది కండ కాదు, నీరు. ఆ రోజే నర్సుకో డాక్టరుకో చెప్పాలి. ఈ మాట చెబితే "ఇంట్లో కాటా ఎక్కడిది సిస్టరమ్మా" అంటారు. కాటా కొనలేని వారు రేషన్ డిపోలోనో, ధాన్యం కొనే కొట్టులోనో ఉన్న కాటా మీద వారానికి రెండు మూడుసార్లు ఒకే వేళకు చూసుకున్నా ఎంతో నయం. అదీ కుదరకపోతే మోకాలి కింద ముందువైపు ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టి వదిలితే గుంట నిలుస్తున్నదా లేదా చూడాలి. రాత్రి ఒక్క తలగడతో పడుకునే మనిషి రెండు మూడు తలగడలు అడుగుతున్నాడా, పడుకున్న కాసేపటికే లేచి కూర్చుంటున్నాడా అన్నది భార్య గమనించాలి. ఇవి కనిపించిన నాడే వస్తే మాత్ర మోతాదు మార్చి ఇంటికి పంపవచ్చు. వారం ఆగి వస్తే ఆక్సిజన్ పెట్టి మంచం ఎక్కించాలి.

ఈ నీటి మాత్ర విషయంలో డిశ్చార్జి కాగితాలు ఎన్నడూ పట్టించుకోని ఒక ఇబ్బంది ఉంది. ఫ్యూరోసెమైడ్ అనే ఆ మాత్ర వేసుకున్న తరువాత రెండు మూడు గంటల పాటు మాటిమాటికీ మూత్రం వస్తుంది. బస్సులో ప్రయాణం ఉన్న రోజున, సంతకు వెళ్లే రోజున, పెళ్లికి వెళ్లే రోజున ఆడవాళ్లు ఆ మాత్ర మానేస్తారు. సిగ్గుతో ఎవరికీ చెప్పరు కూడా. పెళ్లిళ్ల రోజుల్లో ఇది మూడు నాలుగు రోజులు సాగితే, పైన విందు భోజనాల ఉప్పు తోడైతే, నేరుగా ఆసుపత్రికే. అలాంటి రోజున ప్రయాణం అయ్యాక మధ్యాహ్నం వేసుకోవచ్చునా అని డాక్టరును అడిగి ముందే చెప్పి ఉంచితే మాత్ర తప్పదు. రోగి నోరు విప్పి చెప్పలేనిది అడిగి తెలుసుకోవడం కూడా నర్సింగులో భాగమే.

ఉప్పు గురించి అందరూ చెబుతారు గాని లెక్క ఎవరూ చెప్పరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపే, అంటే చిన్న చెంచాడు ఉప్పు చాలు. నలుగురున్న ఇంట్లో నెలకు ఒక కిలో ప్యాకెట్ ఖర్చవుతున్నదనుకోండి, ఒక్కొక్కరికి రోజుకు 8 గ్రాములు దాటినట్టే. ఆవకాయ, అప్పడాలు, ఎండు చేపలు దీనికి అదనం. మా వైపు ఎండాకాలం వచ్చిందంటే ఉదయం పూట తరవాణి అన్నమో, ఒడియా వారి పఖాళో ఉంటుంది, అందులో ఉప్పు వేసుకుని, ఎండు చేప కాల్చి నంజుకుంటారు. చద్దన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పినా వినరు. ఉప్పు వేయకుండా పెరుగు, పచ్చి ఉల్లిపాయ, నిమ్మరసం కలుపుకోమని చెప్పేదాన్ని. ఇంకొక సంగతి. ఉప్పు బదులు అంటూ అమ్ముతున్న తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం ఉంటుంది, కొబ్బరి నీళ్లలోనూ అదే ఉంటుంది. స్పైరోనోలాక్టోన్, రామిప్రిల్ వంటి గుండె మందులు వాడేవారిలో పొటాషియం ముందే పెరిగే వీలుంది, అది మితిమీరితే గుండె లయ తప్పవచ్చు. కిడ్నీ జబ్బులకు పేరుపడిన ఉద్దానం మాకు పక్కనే. ఆ కొబ్బరి తోటల నుంచి బంధువులు ప్రేమతో గెలలు పంపుతారు. గుండె జబ్బూ కిడ్నీ జబ్బూ కలిసి ఉన్న మనిషి రోజూ వాటిని తాగడం క్షేమం కాదని మెల్లగా నచ్చజెప్పవలసి వస్తుంది.

ఇప్పుడు పిల్లల సంగతికి వస్తాను. చిన్నప్పుడు గొంతు నొప్పి, ఆపై కీళ్ల నొప్పులతో జ్వరం వచ్చి, గుండె కవాటాలు దెబ్బతినే రుమాటిక్ జబ్బు పెద్ద నగరాల్లో తగ్గిందని చెబుతారు గాని, మా ఏజెన్సీ గ్రామాల్లో తగ్గలేదు. చాలామంది ఆడపిల్లల్లో అది పెళ్లయి గర్భం దాల్చి ఆయాసం వచ్చాక గాని బయటపడదు. జబ్బు మళ్లీ తిరగబెట్టకుండా మూడు లేక నాలుగు వారాలకు ఒకసారి బెంజథిన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ పడాలి. పెద్దవారికి అది 12 లక్షల యూనిట్లు. కవాటం దెబ్బతిన్న వారికి కనీసం పదేళ్లు లేదా 40 ఏళ్ల వయసు వచ్చే వరకు, వీటిలో ఏది ఎక్కువైతే అంతవరకు ఇవ్వాలి. కొందరికి జీవితాంతం తప్పదు. ఇరవై రూపాయల బస్సు ఛార్జీ పెట్టుకుని వచ్చిన పిల్లను "ఈ ఇంజెక్షన్ మేం వేయం, పెద్దాసుపత్రికి వెళ్లండి" అని తిప్పి పంపడం ఎన్నో చోట్ల జరుగుతున్నది. భయానికి కారణం లేకపోలేదు, పెన్సిలిన్ పడక ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. కానీ భయంతో మానేసిన ప్రతి ఇంజెక్షనూ ఆ పిల్ల కవాటాన్ని మరికాస్త కోసేస్తుంది.

పనితనంతో ఈ భయాన్ని చాలావరకు తగ్గించవచ్చు. ఆ మందు నీళ్లలా జారదు, కలిపితే చిక్కని పాలలా ఉంటుంది. సీసాను అరచేతుల మధ్య దొర్లించి, గది వేడికి తెచ్చి, సన్నని సూది కాకుండా 21 గేజి సూది పెట్టి, పెద్ద కండలో లోతుగా, రెండు మూడు నిమిషాలు తీసుకుని నెమ్మదిగా ఎక్కించాలి. హడావుడిగా తోస్తే మందు సూదిలోనే గడ్డకడుతుంది, నొప్పి భరించలేక పిల్ల మరుసటి నెల రాదు. పూర్వం ఏ మందైనా పడలేదా అని అడగడం, మందు పడకపోతే ప్రాణం కాపాడే అడ్రినలిన్ ఇంజెక్షన్ చేతికందేలా ఉంచడం, వేశాక అరగంట కూర్చోబెట్టడం తప్పనిసరి. కవాటం బాగా చెడిపోయి గుండె నీరసించిన వారిలో ఇంజెక్షన్ తరువాత కుప్పకూలడం ఎప్పుడూ మందు పడకపోవడం వల్లే కాదనీ, నొప్పికి, భయానికి రక్తపోటు పడిపోయి గుండె తట్టుకోలేకపోవడం వల్ల కూడా కావచ్చుననీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022లో చెప్పింది. అలాంటి వారికి మాత్రలు సరిపోతాయేమో డాక్టరు నిర్ణయించాలి. మిగతా వారికి ముందుగా నీళ్లు తాగించి, పడుకోబెట్టి వేయడం మంచిది. ఇంత వివరం పత్రికకు అవసరమా అని మీకు అనిపించవచ్చు. ఈ ఉత్తరం మా ఏఎన్ఎం అమ్మాయిల్లో ఒకరిద్దరైనా చదువుతారన్న ఆశతో రాశాను.

కవాటం మార్పించుకుని లోహపు వాల్వు పెట్టించుకున్న వారికి రక్తం పలచబడే మందు జీవితాంతం ఉంటుంది. దానికి రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి. ఏ కవాటం, ఎలాంటి వాల్వు అన్నదాన్ని బట్టి ఆ అంకె 2 నుంచి 3 మధ్యనో, 2.5 నుంచి 3.5 మధ్యనో ఉండాలని డాక్టర్లు నిర్ణయిస్తారు. తగ్గితే వాల్వు మీద గడ్డ, పెరిగితే రక్తస్రావం. ఆకుకూరల్లోని కె విటమిన్ ఈ మందుకు ఎదురుగా పనిచేస్తుంది కనుక ఆకుకూర అసలే తినవద్దని చెప్పేవాళ్లున్నారు. తోటకూర, గోంగూర, మునగాకు తప్ప మరో కూర కొనలేని ఇంట్లో ఆ సలహాకు అర్థం లేదు. తినేదేదో వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తినమని చెప్పి, దానికి తగ్గట్టు మందు సరిచేయించడమే సరైన పద్ధతి. అసలు ప్రమాదం కూరలో కన్నా నడుం నొప్పికి కొట్లో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్లలో ఎక్కువ. కండకు వేసే ఇంజెక్షన్లు కూడా ఈ రోగులకు వీలైనంత వరకు వద్దు. మరి పెన్సిలిన్ కూడా అవసరమైన రోగి సంగతేమిటని తెలిసినవారు అడుగుతారు: ముందు ఐఎన్ఆర్ చూసుకుని, మాత్రలా ఇంజెక్షనా అన్నది డాక్టరు తేల్చాక, ఇంజెక్షనే అయితే వేసిన చోట చాలాసేపు అదిమి పట్టి ఉంచాలి. నెలసరిలో రక్తం ఎక్కువ పోతున్నదా అని ఆడపిల్లను అడగడం, గర్భం నిలిచిందన్న అనుమానం రాగానే పరుగున రమ్మని చెప్పడం కూడా నర్సే చేయగల పని. ఆ ప్రశ్న మగ డాక్టరు అడిగితే చాలామంది తల వంచుకుంటారు.

ఛాతీ నొప్పి వచ్చిన క్షణాల గురించి ఇప్పటికే చాలామంది రాశారు గనుక కొన్ని విషయాలే చెబుతాను. మా పల్లెల్లో ఛాతీ పట్టేస్తే మొదటి మాట "గ్యాస్". ఊరి వైద్యుడు వచ్చి నడుం కింద ఒక నొప్పి ఇంజెక్షన్ పొడుస్తాడు. అది గుండెపోటే అయితే, ఆసుపత్రిలో గడ్డ కరిగించే మందు ఎక్కించవలసి వస్తుంది. ఆ మందు పడిన ఒంట్లో సూది పొడిచిన కండ లోపల్లోపలే రక్తం కారి గట్టి గడ్డ కట్టే ప్రమాదం ఉంది. గుండెపోటు అనుమానం ఉన్న మనిషికి కండకు ఇంజెక్షన్ వేయకూడదన్న ఒక్క మాట ఊరి వైద్యులందరికీ చేరితే మా పని సగం తేలికవుతుంది. మధుమేహం ఉన్నవారిలో, ఆడవాళ్లలో నొప్పి లేకుండా చెమటలు, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. ఆసుపత్రి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది ప్రమాణం; అది తీయడానికి డాక్టరు వచ్చే దాకా ఆగనక్కరలేదు. నాలుక కింద మాత్ర పెట్టుకోమని డాక్టరు ముందే ఇచ్చి ఉంటే కూర్చుని పెట్టుకోవాలి. నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి తల పగలగొట్టుకుంటారు. అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ఈ నంబరు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే కావడం మా అదృష్టం.

బీపీ చూడడం గురించి కూడా రెండు ముక్కలు. ఎండలో నడిచి వచ్చిన మనిషిని అలాగే నిలబెట్టి, మాట్లాడిస్తూ, చొక్కా చేతి మీదే పట్టీ చుట్టి చూసిన అంకెకు విలువ లేదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, వీపు ఆనించి, చేయి గుండె ఎత్తున పెట్టి, మాటలు ఆపి చూడాలి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే బీపీ లేనిది ఉన్నట్టు కనిపిస్తుంది. కాళ్ల రక్తనాళాల జబ్బుకు మా వైపు మూలం చుట్ట. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లోనూ, ఇటు మా సరిహద్దు ఊళ్లలోనూ నిప్పు నోటి లోపల పెట్టి అడ్డపొగ కాల్చే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. నోటి క్యాన్సర్ భయం చెబితే కొందరు వింటారు గాని, నడిస్తే పిక్క పట్టేయడం, కాలి వేలు నల్లబడడం కూడా ఆ పొగ వల్లేనంటే నమ్మరు. నాడిని నెమ్మదింపజేసే డిజాక్సిన్ అనే గుండె మందు వాడేవారికి నాడి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టడం నేర్పాలి, 60కి తగ్గితే ఆ పూట మాత్ర వేసుకోకుండా అడగాలి.

బైపాస్ చేయించుకున్నది ఆడమనిషైతే మరో చిక్కు. ఛాతీ ఎముక అతుక్కునే ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా బరువులెత్తకూడదు, చేతుల మీద బలం పెట్టి లేవకూడదు, దగ్గు వస్తే తలగడను గుండెలకు గట్టిగా అదుముకుని దగ్గాలి. మగవాడికి ఆపరేషనైతే ఇంటిల్లిపాదీ అతని చుట్టూ తిరుగుతారు. ఆమెకైతే పదో రోజు నుంచే బోరింగు దగ్గర బిందె ఎదురుచూస్తుంటుంది. అందుచేత ఆ జాగ్రత్తలు ఆమెకు కాదు, ఆమె భర్తను కూర్చోబెట్టి అతనికి చెప్పాలి.

నర్సులు ఇంటిదాకా వెంబడించినంత మాత్రాన ఒరిగేదేమిటని అడిగే అధికారులకు ఒక సంగతి గుర్తుచేస్తాను. 1995లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో హార్ట్ ఫెయిల్యూర్‌తో చేరిన 70 ఏళ్లు దాటిన 282 మందిపై ఒక పరిశీలన ప్రచురితమైంది. వారిలో సగం మందికి నర్సు ఆధ్వర్యంలో బోధన, ఆహార సలహా, మందుల సమీక్ష, ఇంటికి వెళ్లాక పలకరింపు ఏర్పాటు చేస్తే, వారు మూడు నెలల్లో ఆ జబ్బుతో తిరిగి చేరిన సందర్భాలు మిగతా సగం కన్నా సగానికి పైగా తగ్గాయి. అది అమెరికా సంగతంటారేమో. మన దేశంలోని 14 ఆసుపత్రుల్లో గుండెపోటు రోగులను ఏడాది పాటు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు వెంబడిస్తే మందులు మానకుండా వాడేవారి సంఖ్య పెరిగిందని 2016లో మరో అధ్యయనం వచ్చింది. ఇందులో కొత్త యంత్రమేదీ లేదు.

నర్సులకు ఇప్పటికే రిజిస్టర్ల బరువు ఎక్కువగా ఉందని, ఖాళీలు నిండడం లేదని నాకు తెలుసు, ఆ బరువు మోసిన దాన్నే. అందుకే నేను అడిగేది కొత్త భవనమూ కాదు, కొత్త విభాగమూ కాదు. 2010లో కేంద్రం మొదలుపెట్టిన అసాంక్రామిక (అంటుకోని) వ్యాధుల కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రుల్లో, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో బీపీ, షుగర్ల క్లినిక్కులు ఉండనే ఉన్నాయి. అందులో వారానికి ఒక పూట గుండె రోగుల కోసం కేటాయించి, తెలుగు, ఒడియా, వీలైతే ఇక్కడి గిరిజనుల సవర భాష మాట్లాడగలిగిన ఒక నర్సును ఆ పూటకు మరే పనీ చెప్పకుండా కూర్చోబెడితే చాలు. బరువు, నాడి, బీపీ, వాపు, మందుల సంచి. ఈ అయిదూ చూసి, తేడా ఉన్నవారినే డాక్టరు దగ్గరికి పంపుతుంది. మోతాదు మార్చే అధికారం ఆమెకు అక్కరలేదు, ఎప్పుడు పంపాలో డాక్టరు రాసిచ్చిన నియమం ఉంటే సరిపోతుంది. ఊళ్లలోని ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఉన్న కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లలో చాలామంది నర్సింగ్ చదివినవారే కనుక మధ్య వారాల్లో చూసే పని వారికి అప్పగించవచ్చు.

విశాఖ, శ్రీకాకుళం ఆసుపత్రుల నర్సింగ్ సూపరింటెండెంట్లను కోరేది ఇంకా చిన్నది. ఒడిశా చిరునామా ఉన్న గుండె రోగిని పంపేటప్పుడు ఇంగ్లీషు కాగితంతో పాటు తెలుగులో ఒక్క పేజీ ఇవ్వండి. అందులో మందు అసలు పేరు, ఎందుకు, ఎన్నాళ్లు, ఇంటికి వెళ్లిన నాటి బరువు, ఐఎన్ఆర్ ఉంటే ఆఖరి అంకె, ఏ లక్షణం కనిపిస్తే ఆగకుండా రావాలి అన్నవి ఉంటే చాలు. రోగి అనుమతితో దాని ఫోటో ఒకటి మా జిల్లా ఆసుపత్రికి ఫోన్లో పంపితే మా వైపు నర్సుకు మనిషి వస్తున్నాడని తెలుస్తుంది. రెండు రాష్ట్రాల జిల్లా వైద్యాధికారులు ఒక్కసారి కూర్చుని మాట్లాడుకుంటే దీనికి జీవో కోసం కూడా ఆగనక్కరలేదని నా అభిప్రాయం.

మీ పత్రిక నుంచి కూడా ఒక సాయం కోరుతున్నాను. మీ శ్రీకాకుళం జిల్లా సంచిక మా పర్లాకిమిడి, కాశీనగరం టీ కొట్లలో కూడా చదువుతారు. తేదీ, బరువు, కాళ్ల వాపు, వేసుకున్న మాత్రలు అన్న నాలుగు గడులతో ఒక నెలకు సరిపడే పట్టిక, దాని కింద వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన లక్షణాలు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, కత్తిరించి గోడకు అంటించుకునేలా ఇవ్వగలిగితే కాటా దగ్గరికి వెళ్లే అలవాటు కొందరికైనా మొదలవుతుంది. నమూనా నేను తయారుచేసి, ఇక్కడి ప్రభుత్వ వైద్యులకు చూపించి, మీకు పంపగలను. అచ్చుకు సగం పేజీ చోటు సరిపోతుంది.

భవదీయురాలు,
ఒక విశ్రాంత నర్సు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా